ఆమె రెండుసార్లు చదివిన వాక్యాలు

మొన్న ఆఫీసు మీటింగులో కొత్తగా చేరిన ఒకతను తన మాట ముగించి, వేలి కణుపుతో బల్లమీద రెండుసార్లు తట్టాడు. నా నోటివెంట ‘ఫుల్‌స్టాప్’ అని వచ్చేసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తరువాత బయటికి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కున్నాను. ఆమె పోయి అప్పటికి పదహారు రోజులు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసే హక్కు పోగొట్టుకున్నాను. ఎలా పోగొట్టుకున్నానో చెప్పడానికే ఇదంతా.

సికింద్రాబాదులో ఒక దినపత్రిక ప్రెస్సులో ఆమె ఇరవై ఆరేళ్లు కాపీ హోల్డరుగా పనిచేసింది. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు కాబట్టి అదేమిటో చెప్పాలి. అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దడానికి ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేవారు. ఒకరు రాతప్రతిని పట్టుకుని పైకి చదివేవారు. రెండోవారు ప్రూఫు మీద చూపు నిలిపి, వింటున్నదీ చూస్తున్నదీ ఒకటేనా కాదా అని సరిచూసుకుంటూ తప్పులు దిద్దేవారు. పైకి చదివే మనిషి కాపీ హోల్డరు. కామా వస్తే ఆమె బల్లమీద వేలి కణుపుతో ఒకసారి తట్టేది. వాక్యం ముగిస్తే రెండుసార్లు. కొత్త పేరాకి అరచేత్తో ఒక చరుపు. అడ్డగీత వస్తే గోటితో బల్లమీద సన్నగా గీరేది. ఈ గుర్తులు ఆ ప్రెస్సు మొత్తానివో, ఆమె ఒక్కదానివో నాకు తెలియదు. అడగాలని తోచలేదు.

కంప్యూటర్లు వచ్చాక విలేకరులే నేరుగా టైపు చేయడం మొదలుపెట్టారు. “పట్టుకోనీకి కాపీనే లేకపాయె. ఇగ కాపీ హోల్డర్ ఏం జెయ్యాలె?” అని ఆమె నవ్వేది. నేను ఆ కంప్యూటర్ల పుణ్యాన బతుకుతున్నవాణ్ణి. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంగ్లీషు మాన్యువళ్లు రాసేవాణ్ణి. ఆఫీసు బస్సుల కోసం రోడ్డు పొడవునా మెడలో కార్డులు వేసుకున్నవాళ్లు బారులు తీరి నిలబడే రోజులవి. ఆ బారులో నేనూ ఉండేవాణ్ణి, సంచిలో ఒక నవల పెట్టుకుని.

మాది పలాస దగ్గర ఊరు. నాన్నగారికి ఇక్కడ ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డాం. ఊరు వదిలేనాటికి నాకు తొమ్మిదేళ్లు. అయినా ఊరి మీదే రాశాను. మా అమ్మమ్మ జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టేది. ఆ పిక్కల జీడి కారి వేళ్లు నల్లగా కాలిపోయేవి. ఆమె కథే నా నవల, నాలుగు వందల ఎనభై పేజీలు.

అప్పట్లో నగరంలో ఒక సాహిత్య ట్రస్టు కొత్త నవలాకారుల కోసం ఒక పథకం ప్రకటించింది. రాతప్రతులు చదివి నలుగురిని ఎంచుకుంటారు. ఒక్కొక్కరికీ ఏడాదిపాటు ఒక పెద్ద రచయిత తోడుండి నవలను తీర్చిదిద్దుకోవడం నేర్పుతారు. ఆపైన అచ్చు వేస్తారు. దాన్ని మెంటర్‌షిప్ అన్నారు. ఆఫీసులో పొద్దస్తమానం వినే ఆ మాట తెలుగు ప్రకటనలో కనబడేసరికి నా కోసమే పెట్టారనిపించింది. గడువు నాలుగు నెలలుంది. నియమాల్లో ఒకటి ఇలా ఉంది: అచ్చుతప్పులున్న ప్రతులను పరిశీలించరు.

నా నవలను సికింద్రాబాదు కార్ఖానా ఏరియాలో ఒక డీటీపీ సెంటరులో టైపు చేయించాను. పేజీకి పదిహేను తప్పులున్నాయి. అడిగితే ఆ సెంటరతను ఏమీ దాచుకోలేదు.

“టైపింగ్ మాది సార్, తప్పులు సుత మావే. దిద్దుడు మాత్రం మాతోని గాదు. బన్సీలాల్‌పేట్ల ఒకామె ఉన్నది, పేపర్ల పనిజేసింది. జెర కడక్ మనిషి. సూస్కోరి.”

అలా ఒక ఆదివారం పొద్దున బన్సీలాల్‌పేట్ వెళ్లాను. ఇప్పుడు అందరూ ఫొటోలు దిగే మెట్లబావి అప్పటికి చెత్త కింద ఉంది. ఆ సందు దాటాక రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వరండా. ఆమె చీరలకు ఫాల్స్ కుడుతూ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకుంది. నేను ‘మేడం’ అనగానే సూది ఆపింది.

“మేడం ఏంది సారూ, నేనేమన్న స్కూల్ల పంతులమ్మనా? అక్కా అను. నేను తమ్మీ అంట. లెక్క సాఫ్.”

చీరలు మడిచి పక్కన పెట్టి, బల్ల తుడిచి, టైపు చేసిన కాగితాలు నా ముందుకు జరిపి, నా చేతిరాత కట్ట తను తీసుకుంది. “సదువుడు నాది, జూసుడు నీది. నడుమల ముచ్చట్లు లేవు. షురూ జేద్దామా?”

ఆమె గొంతు సికింద్రాబాదు స్టేషన్లో రైళ్ల రాకపోకలు చెప్పే గొంతులా ఉండేది. నా మొదటి అధ్యాయంలో ఒక బిడ్డ చనిపోతుంది. అది రాస్తూ నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆమె దాన్ని ఏ ప్లాట్‌ఫారం మీదికి ఏ బండి వస్తుందో చెప్పినట్టు చదివేసింది, కామాలతో సహా. నేనుండబట్టలేక, “కొంచెం ఫీలై చదవండక్కా” అన్నాను.

“ఫీలైతే కన్ను ఉరుకుతది తమ్మీ. కన్ను ఉరికితే మాట ఇడిసిపోతది. కాపీ పట్టుకున్నోళ్లకు కండ్లు, నోరు ఉంటె సాలు. మనసు ఇంటికాడ ఇడిసి రావాలె.”

“ఇది మీ ఇల్లే కదక్కా.”

“గందుకే లోపలి అర్రల పెట్టి తలుపేసిన.”

ఇంకో ఆదివారం, చాయ్ తాగే పది నిమిషాల్లో, తన తమ్ముడు పోయిన సంగతి చెప్పింది. “సంతాపం కాలమ్ సదువుతున్న. ఫోనొచ్చిందన్నరు, తమ్ముడు పోయిండని. ఇంక పదకొండు లైన్లున్నయి. సదివి లేసిన.”

“ఎలా చదివారక్కా?”

“ఎట్ల సదువుత? కొట్టుకుంట సదివిన,” అని వేలి కణుపు చూపించింది.

రెండో ఆదివారమో మూడోదో, ఒక చోట నేను రాసిన వాక్యం ఇది: ‘అమ్మమ్మ వేళ్లు చీకటి రాసిన పద్యాల్లా ఉన్నాయి.’ ఆమె చదివింది, రెండుసార్లు తట్టింది. మళ్లీ అదే వాక్యం చదివి మళ్లీ తట్టింది. వరస తప్పిందనుకున్నాను.

“ఆ లైను అయిపోయిందక్కా.”

“ఎరుకే,” అని ముందుకు పోయింది.

ఆ పూట అలా పదకొండు వాక్యాలు రెండేసిసార్లు చదివింది. లేచేటప్పుడు కారణం అడిగాను.

“ప్రెస్సుల కాపీ మీద డౌటొస్తే రెండుసార్లు సదువుతం. ఎదురుంగున్నోడు సూసుకుంటడు. తప్పు అనుడు మా పని గాదు.”

“అందులో డౌటేముంది?”

“నాకేమెరుక తమ్మీ. రాసింది నువ్వు.”

బస్సులో ఇంటికి వచ్చేదాకా నాకు ఒళ్లు మండిపోయింది. పేపర్లో వార్తలు చదివిన మనిషికి నవల ఏం తెలుస్తుందనుకున్నాను. మర్నాడు ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఆ పదకొండు వాక్యాలనూ ఆమె గొంతుతో, ఆమె చదివినట్టే రెండేసిసార్లు పైకి చదువుకున్నాను. మొదటిసారి ప్రతిదీ అందంగానే ఉంది. రెండోసారికి నేను అబద్ధమాడుతున్నట్టు వినబడింది. మా అమ్మమ్మ వేళ్లు పద్యాల్లా ఉండేవి కావు. కాలిన వేళ్లలాగే ఉండేవి. పదకొండూ కొట్టేశాను.

అప్పటినుంచి ఆదివారాలు అలాగే నడిచాయి. ఆమె ఒక్కనాడూ బాగుందనీ బాగులేదనీ అనలేదు. రెండుసార్లు చదివేది, నేను గుర్తు పెట్టుకునేవాణ్ణి, వారంలో కొట్టేసేవాణ్ణి. కొన్నిచోట్ల పేజీలకు పేజీలు పోయాయి. డీటీపీ అతను తల పట్టుకున్నాడు. “సార్, మీరు నవల రాస్తున్రా, కొట్టేస్తున్రా? జెర ఒక్కటి ఫిక్స్ చేసుకోరి.” చివరికి మూడు వందల పది పేజీలు మిగిలాయి.

ఒక్కసారి మాత్రం ఆమె తట్టడం మరిచిపోయింది. ఆ వాక్యం చాలా చిన్నది. ‘ఆ రోజునుంచి అమ్మమ్మ అన్నం చెంచాతో తిన్నది.’ కాలిన వేళ్లకు ఉప్పూ కారం తగిలితే మంట కదా, అందుకు. అది చదివి ఆమె ఆగిపోయింది. సూది పోట్లు పడిన తన వేలి కొసలను కాసేపు చూసుకుంది. తరువాత, “ఆగినందుకు ఏమనుకోకు,” అని బల్లమీద రెండుసార్లు తట్టింది. నా రాతకు ఇంతవరకు దక్కిన మెప్పులన్నీ ఒక ఎత్తు, ఆ ఆలస్యమైన రెండు దెబ్బలు ఒక ఎత్తు.

గడువుకు వారం ముందు దరఖాస్తు ఫారం కూడా పట్టుకెళ్లాను. కాగితం కనబడితే చదవకుండా ఉండలేని మనిషి ఆమె. పెళ్లి శుభలేఖ ఇచ్చినా కణుపుతో తడుతూ చదివేది. ఫారం కూడా పైనుంచి చదువుకుంటూ వచ్చింది. ‘రాతప్రతి తయారీలో తోడ్పడినవారి పేరు, వారు చేసిన పని.’ తట్టింది. మళ్లీ చదివింది.

నేను తప్పేముందా అని ఫారంలోకి వంగి చూశాను.

“డౌటు గాదు తమ్మీ. అడుగుతున్న. గిండ్ల నా పేరు రాస్తవా?”

“తప్పకుండా రాస్తానక్కా.”

“ఊకె అనకు. మా ప్రెస్సుల తప్పు అచ్చుల పోతెనే బోర్డు మీద పేరు రాస్తుండె. ఇరవై ఆరేండ్లల రెండుసార్లెక్కింది నాది. మంచిగ జేసినందుకు ఏడ రాయలె. ఒక్కపారి కాయితం మీద సూసుకోవాలనున్నది. గంతే.”

నేను పేరులో పొరపాటు చేస్తానేమోనని, చీరల లెక్క రాసుకునే చీటీ చింపి, గుండ్రటి అక్షరాలతో తన పూర్తి పేరు, కింద ‘కాపీ హోల్డర్’ అని రాసి ఇచ్చింది. ఇచ్చేముందు దాన్ని కూడా పైకి చదివి తట్టింది.

ఆ ఫారం ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ నింపాను. చీటీ జేబులోంచి తీసి ఎదురుగా పెట్టుకున్నాను. ఆ గడి దగ్గరికి వచ్చి ఆగాను. కాపీ హోల్డరు ఏం చేసిందని పెద్దలు అడుగుతారు. నూట డెబ్బై పేజీలు ఎవరి వల్ల పోయాయో చెప్పాల్సి వస్తుంది. నవలలో బాగున్నదంతా ఆ పోవడంలోనే ఉందని నాకు అప్పటికే తెలుసు. పైగా, చీరలకు ఫాల్స్ కుట్టే ఆవిడ నా నవలకు తోడ్పడిందని రాయడానికి నామోషీ కూడా వేసింది. సాయం చూపిస్తే అవకాశం తగ్గుతుందని ఎవరో చెప్పారని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఎవరూ చెప్పలేదు. ఆ గడిలో ఒక అడ్డగీత గీసి పంపేశాను.

రెండు నెలలకు ఎనిమిదిమందిని ముఖాముఖికి పిలిచారు. అందులో నేనున్నాను. ఆ సంగతి చెప్పడానికి వెళితే ఆమె ఎంతో సంతోషించింది. “కాయితాలన్ని తే, ఒక్కపారి జూస్త. గాడికి పోయినంక తప్పు దొరకొద్దు,” అంది. ఫైలు ఇచ్చాను. అందులో ఫారం జిరాక్సు ఉందని ఇచ్చేశాక గుర్తొచ్చింది.

చదవడం మొదలుపెట్టింది. నా పేరు, తండ్రి పేరు, చిరునామా. ‘రాతప్రతి తయారీలో తోడ్పడినవారి పేరు, వారు చేసిన పని.’ అక్కడ నేను రాసింది కూడా చదివింది. గోటితో బల్లమీద సన్నగా గీరింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్లకు తెలుస్తుంది. ఆగలేదు. “పైన తెలిపిన వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను,” అని చదివి రెండుసార్లు తట్టి, ఫైలు మూసి నా ముందుకు జరిపింది. “తప్పులేం లేవు.”

“అక్కా, తొందరలో... ముఖాముఖిలో చెప్తాను. వాళ్లతో నోటితోనే చెప్తాను.”

“సరే.”

ముఖాముఖిలో ముగ్గురు కూర్చున్నారు. వారిలో పెద్దాయన నా ప్రతి తిరగేస్తూ, “మొదటి నవలకు ఇంత పొదుపు ఎక్కడ నేర్చుకున్నారు? ఎవరైనా చూశారా?” అని అడిగాడు. అంతకంటే తిన్నగా ఎవరూ అడగలేరు. చీటీ చొక్కా జేబులోనే ఉంది.

“లేదండి. ఆఫీసులో మాన్యువళ్లు రాసి రాసి అలవాటైపోయింది,” అన్నాను.

వాళ్లు మెచ్చుకోలుగా నవ్వారు. నన్ను ఎంచుకున్నారు.

కార్ఖానాలో మిఠాయి కొనుక్కుని బన్సీలాల్‌పేట్ వెళ్లాను. ఆమె డబ్బా తీసుకుని బల్లమీద పెట్టింది, విప్పలేదు.

“అడిగిన్రా, ఎవరన్న సాయం జేసిన్రా అని?”

“లేదక్కా. అలాంటివేం అడగలేదు.”

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. ఎదురుగా కాగితమేదీ లేదు. నా ముఖంలోకే చూస్తూ, ఆ స్టేషను గొంతుతో, నా యాసలోనే, “అలాంటివేం అడగలేదు,” అంది. బల్లమీద రెండుసార్లు తట్టింది. “అలాంటివేం అడగలేదు.” మళ్లీ తట్టింది.

నేను తల దించుకున్నాను. ఆమె ఫాల్స్ కుట్టే చీర ఒళ్లోకి లాక్కుంది.

“గాడ రాయలేదు, మంచిదే. ఇగ ఏడ రాయకు నా పేరు. బుక్కు అచ్చయితే దాంట్ల సుత రాయకు.”

“అక్కా, అలా అనకండి...”

“పరేషాన్ గాకు తమ్మీ. ఇరవై ఆరేండ్లు లేకుంటనే నడిసింది. చాయ్ తాగిపో.”

చాయ్ తాగాను. ఆమె ఉండగా మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు.

ఏడాదిపాటు నాకు దారి చూపిన పెద్ద రచయిత మంచివాడే. నవల మరీ పొడిగా ఉంది, కాస్త తడి కావాలన్నాడు. తొంభై పేజీలు కలిపాను. చీకటి రాసిన పద్యాలు మళ్లీ వచ్చి కూర్చున్నాయి. రెండుసార్లు చదివేవాళ్లెవరూ లేరు. పుస్తకం వచ్చింది. కృతజ్ఞతల పేజీలో ఆఫీసు బస్సులో పక్కన కూర్చునే మిత్రుడి పేరు కూడా ఉంది. ఆమె వద్దంది కాబట్టి ఆమె పేరు రాయలేదని సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆమె వద్దనడం నాకు ఎంత సుఖంగా ఉందో నాకు తెలుసు. ఒక ప్రతి పోస్టులో పంపించాను. చేతికి ఇచ్చే ముఖం లేక. నవలను కొందరు చదివారు, చాలామంది మరిచిపోయారు. రెండో నవల నేను రాయలేకపోయాను.

ఇన్నేళ్ల తరువాత ఒక పొద్దున ఫోను వచ్చింది. “అంకుల్, అత్త నోట్‌బుక్కుల మీ నంబర్ ఉండె. అత్త పోయింది.” ఆమె తమ్ముడి కూతురు. నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. వరండాలో బల్ల అలాగే ఉంది. కుడివైపున ఒక చోట వార్నిషు పోయి, బొటనవేలంత మేర కర్ర తెల్లబడి ఉంది.

ఆ అమ్మాయి లోపలినుంచి నా నవల తెచ్చింది. స్కూలు పుస్తకానికి వేసినట్టు న్యూస్‌పేపరుతో అట్ట వేసి ఉంది. పేజీలన్నీ తిరగేశాను. ఒక్క పెన్సిలు గీతైనా దొరుకుతుందేమోనని చూశాను. లేదు. గుర్తులు పెట్టడం ఎదుటివాడి పని. ఆమె పని చదవడం వరకే.

“అత్త దీన్ని బయటికి సదువుతుండె అంకుల్, బల్ల కొట్టుకుంట. ఎన్నిసార్లు సదివిందో. కొన్ని కొన్ని లైన్లు రెండుసార్లు.”

“ఏ లైన్లమ్మా?”

“ఏమో అంకుల్. నేను టీవీ జూస్తుంటి.”

ఆ పుస్తకం అడిగి తెచ్చుకుందామనుకున్నాను. అడగలేకపోయాను. చీటీ మాత్రం నా దగ్గరే ఉంది. మడతల దగ్గర చిరిగింది కానీ గుండ్రటి అక్షరాలు చెదరలేదు. దాన్ని ఎదురుగా పెట్టుకునే ఇది రాశాను, అందులోని పేరు ఒక్కటీ రాయకుండా.

రాయడం అయ్యాక, ఆదివారం పొద్దున బల్ల ముందు కూర్చుని కాగితాలు పట్టుకుని పైకి చదివాను. ఆ స్టేషను గొంతు తెచ్చుకుని, కామాకు ఒకటి, వాక్యానికి రెండు తడుతూ. ఆమె నా పుస్తకానికి అట్ట వేసి దాచుకున్న సంగతి చెప్పిన చోట, దాని పక్కనే ఇంకో వాక్యం ఉండేది: ‘ఆమె నన్ను ఎప్పుడో క్షమించే ఉంటుంది.’

చదివి రెండుసార్లు తట్టాను. కన్ను కింది లైనుకు దిగలేదు. మళ్లీ చదివాను.

కొట్టేశాను.